కుటుంబ పింఛను: వితంతు సోదరీమణుల హక్కు, మన బాధ్యత



ప్రతి సంవత్సరం రంజాన్‌కు ముందు మన సంస్థకు వచ్చే సహాయ దరఖాస్తులను పరిశీలించే పనిలో మా ఉపాధ్యాయుల బృందం కూడా పాలుపంచుకుంటోంది. ఆ దరఖాస్తుల్లో ఒక రకం మమ్మల్ని ప్రతిసారీ ఆలోచనలో పడేస్తుంది. దరఖాస్తుదారు వితంతువు. భర్త ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన ఉన్నన్నాళ్లూ నెలనెలా పింఛను వచ్చేది. ఆయన పోయాక అది ఆగిపోయింది. ఇప్పుడు ఆమె రేషన్ కిట్టు కోసం, మందుల ఖర్చు కోసం మన దగ్గరకు వచ్చింది. "పింఛను ఆయనది కదా, ఆయనతోనే పోయింది" అని ఆమె నమ్ముతుంది. చాలాసార్లు ఆమె కొడుకులు కూడా అదే అనుకుంటారు.

ఇది నిజం కాదు. ప్రభుత్వ పింఛనుదారు మరణిస్తే ఆయన భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. పింఛనుదారు మహిళ అయితే ఆమె భర్తకు వస్తుంది. ఒక ఇంటికి మనం ఏడాదంతా ఇచ్చే సహాయం కంటే ఆ ఇంటికి రావలసిన ఒక్క నెల కుటుంబ పింఛనే ఎక్కువ కావచ్చు. అందుకే ఈ సంచికలో దీని గురించి వివరంగా రాయాలనుకున్నాం. మన దాతల్లో చాలామంది రిటైర్డ్ ఉద్యోగులే. కాబట్టి ఇది మనం సహాయం చేసే ఇళ్లకే కాదు, మన ఇళ్లకూ సంబంధించిన విషయం.

ఇది దానం కాదు, హక్కు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబ పింఛను పథకం 1964 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు కూడా ఇలాంటి నియమాలే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ రివైజ్డ్ పెన్షన్ రూల్స్, 1980 అన్నది రాష్ట్ర ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు బాగా తెలిసిన పేరే. 1982 డిసెంబరు 17న డి.ఎస్.నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు ఇచ్చింది. అందుకే దేశమంతటా డిసెంబరు 17ను పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. ట్రెజరీ కౌంటరు ముందు నిలబడిన వితంతువు ఎవరినీ దేబిరించడం లేదు. తనదే తాను అడుగుతోంది. ఈ మాట ఆమెకు ముందుగా చెప్పాలి.

ఎంత వస్తుంది?

లెక్క కష్టమైనదేమీ కాదు. సాధారణ కుటుంబ పింఛను, ఉద్యోగి చివరగా తీసుకున్న మూల వేతనంలో 30 శాతం. దాని మీద కరువు భృతి అదనంగా వస్తుంది. అయితే భర్త పోయిన మొదటి కొన్నేళ్లు కుటుంబం నిలదొక్కుకోవడానికి ఇంతకంటే ఎక్కువ ఇస్తారు. దీనిని హెచ్చు రేటు కుటుంబ పింఛను అంటారు. కేంద్ర నియమం ప్రకారం, రిటైరైన తరువాత మరణిస్తే ఈ హెచ్చు రేటు 7 సంవత్సరాలు గానీ, ఆయన బతికి ఉంటే 67 ఏళ్లు నిండే తేదీ వరకు గానీ, ఏది ముందైతే అంతవరకు ఇస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కేంద్ర ఉద్యోగి 60 ఏళ్లకు రిటైరయ్యారు. చివరి మూల వేతనం 60,000 రూపాయలు. పింఛను అందులో సగం, అంటే 30,000. ఆయన 63వ ఏట మరణించారనుకుందాం. ఆయనకు 67 నిండే వరకు, అంటే మరో 4 సంవత్సరాలు భార్యకు 30,000 వస్తుంది. ఆ తరువాత 60,000లో 30 శాతం, అంటే 18,000 ఆమె జీవితాంతం వస్తుంది. రెండింటి మీదా కరువు భృతి ఉంటుంది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, హెచ్చు రేటు గడువు అయిపోయిన నెలలో మొత్తం ఒక్కసారిగా తగ్గుతుంది. ఎవరో కోత పెట్టారని ఆమె కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచాలి. ఆ నెల వచ్చేలోపు ఇంటి అప్పులు, వాయిదాలు సర్దుకునేలా చూసుకోవాలి. రెండోది, భర్త రిటైరైనప్పుడు పింఛనులో కొంత భాగాన్ని కమ్యూట్ చేసి ఏకమొత్తం తీసుకుని ఉంటే, ఆ కోత భార్య కుటుంబ పింఛను మీద పడదు. అది ఆయనతోనే ముగుస్తుంది.

కేంద్ర ప్రభుత్వంలో కుటుంబ పింఛను కనీస మొత్తం 9,000 రూపాయలు. రాష్ట్రాల్లో కనీస మొత్తాన్ని, హెచ్చు రేటుకు వయసు పరిమితిని ఆయా రాష్ట్రాలు వేతన సవరణ ఉత్తర్వుల ద్వారా నిర్ణయిస్తాయి. కాబట్టి మన రాష్ట్రంలో ప్రస్తుతం అమల్లో ఉన్నది ట్రెజరీలో అడిగి తెలుసుకోవాలి.

వయసు పెరిగితే పింఛనూ పెరుగుతుంది

చాలామందికి తెలియని సంగతి ఇది. కుటుంబ పింఛను తీసుకునే వితంతువుకు నిర్ణీత వయసు నిండితే అదనపు పింఛను ఇస్తారు. కేంద్రంలో 80 ఏళ్లకు 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లు నిండితే 100 శాతం అదనం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ అదనం 70 ఏళ్ల నుంచే మొదలవుతుంది. కానీ భార్య పుట్టిన తేదీ పింఛను కాగితాల్లో ఉంటేనే ఇది సకాలంలో అందుతుంది. మన పాత తరం తల్లుల్లో చాలామందికి పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు. భర్త బతికి ఉండగానే ఆ గడి నింపించడం ఎంత అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మీరాస్ వేరు, కుటుంబ పింఛను వేరు

మన సముదాయంలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. మర్హూమ్ వదిలి వెళ్లిన ఇల్లు, పొలం, బంగారం, బ్యాంకులోని పొదుపు మీరాస్ కిందికి వస్తాయి. అప్పులు తీర్చి, వసియ్యత్ అమలు చేసిన తరువాత వారసులకు షరీఅత్ ప్రకారం వాటాలు వేస్తారు. సంతానం ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. ఇది అందరికీ తెలిసినదే.

కొందరు ఇదే లెక్క కుటుంబ పింఛనుకు కూడా వర్తిస్తుందనుకుంటారు. "అమ్మకు వచ్చే దానిలో మాకూ వాటా ఉంది" అని కొడుకులు, "మా అన్న పింఛనులో మాకు రాదా" అని మరుదులు అడిగిన సందర్భాలు మేము విన్నాం. చట్టం ఇలా చూడదు. 1980లో జోధ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కుటుంబ పింఛను చనిపోయిన వ్యక్తి ఆస్తిలో భాగం కాదని, దాన్ని వీలునామా ద్వారా మరొకరికి రాసివ్వడం కూడా కుదరదని చెప్పింది. అది భర్త బతికి ఉండగా ఆయన చేతిలో ఎన్నడూ లేని సొమ్ము. ఆయన మరణం తరువాత నియమాల ప్రకారం నేరుగా భార్యకు పుట్టే హక్కు. కాబట్టి ఆమె ఖాతాలో పడిన కుటుంబ పింఛను చట్ట రీత్యా ఆమెదే.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. భార్య ఉండగా మర్హూమ్ తల్లికి కుటుంబ పింఛనులో వాటా రాదు. కానీ ఆ ముసలి తల్లిని చూసుకోవలసిన బాధ్యత కుటుంబం మీద ఉండనే ఉంది. నియమం ఆమెకు ఇవ్వలేదని ఇల్లు ఆమెను వదిలేయకూడదు.

నామినీ అనే మాట దగ్గర కూడా తికమక వస్తుంది. భర్త మరణించిన రోజు వరకు ఆయనకు రావలసిన పింఛను బకాయి ఉంటే అది ఆయన రాసిన నామినీకి ఇస్తారు. మరణించిన మరునాటి నుంచి మొదలయ్యేది కుటుంబ పింఛను. దానికి నామినీతో పని లేదు. నామినీ కొడుకైనా సరే, కుటుంబ పింఛను భార్యకే.

ఇద్దరు భార్యలు ఉంటే

ఇద్దరు భార్యలకూ చట్టబద్ధమైన నికాహ్ జరిగి ఉంటే కుటుంబ పింఛనును ఇద్దరికీ సమానంగా పంచుతారు. అయితే ఉద్యోగంలో ఉన్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి. వ్యక్తిగత చట్టం ఒప్పుకున్నా సరే, భార్య ఉండగా ప్రభుత్వ అనుమతి లేకుండా రెండో వివాహం చేసుకోవడాన్ని ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. అనుమతి లేని నికాహ్ ఆ తరువాత రెండో ఇల్లాలి కాగితాలకు అడ్డంకిగా మారుతుంది. తలాఖ్ పొందిన భార్యకు కుటుంబ పింఛను రాదు. తలాఖ్ అయినా పాత పేరు కాగితాల్లో అలాగే ఉండిపోతే, ఇప్పుడు ఇంట్లో ఉన్న భార్య ఇబ్బంది పడుతుంది.

ఇంకొక సందర్భం ఉంది. భార్య పోయిన తరువాత, రిటైరయ్యాక మళ్లీ నికాహ్ చేసుకున్న పెద్దలు మన మొహల్లాల్లో ఉన్నారు. రిటైరైన తరువాత పెళ్లాడిన భార్యకు కూడా కుటుంబ పింఛను హక్కు ఉందని 1989లో భగవంతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కానీ ఆ పేరు పింఛను రికార్డులో చేరకపోతే, ఆయన పోయాక ఆమె తానే భార్యనని రుజువు చేసుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరగాలి. నికాహ్ జరిగిన నెలలోనే నికాహ్‌నామా జతచేసి, చివరగా పనిచేసిన ఆఫీసు ద్వారా ఆమె పేరు చేర్పించుకోవడం ఆ భర్త బాధ్యత.

పేర్ల దగ్గర వచ్చే చిక్కు

సర్వీసు రిజిస్టరులో "ఫాతిమాబీ", ఆధార్‌లో "షేక్ ఫాతిమా", బ్యాంకు పుస్తకంలో "ఫాతిమా బేగం". మనిషి ఒక్కరే. కానీ కౌంటరు దగ్గర ముగ్గురవుతారు. బీ, బేగం, బాను, ఉన్నీసా, ఖాతూన్ అన్నవి మన ఇళ్లలో ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా అన్నదానికీ ఒక పద్ధతి లేదు. కుటుంబ పింఛను ఆలస్యం కావడానికి మేము చూసినంతలో ఇది పెద్ద కారణం.

భర్త ఉండగా దిద్దించుకుంటే ఇది ఒక దరఖాస్తుతో అయ్యే పని. ఆయన పోయాక అయితే అఫిడవిట్లు, సాక్షులు, తహసీల్దారు ఆఫీసు. ముందుగా పింఛను పేమెంట్ ఆర్డరు, అంటే పీపీఓలో పేరు ఎలా ఉందో చూడండి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల్లోని పేరు దానితో కలిసేలా చేయండి. నికాహ్‌నామా ఉర్దూలో ఉంటే ఒక అనువాద ప్రతి తయారుచేసి దగ్గర పెట్టుకోండి.

భర్త పోయాక చేయవలసిన పనులు

మొదటిది మరణ ధ్రువపత్రం. 21 రోజుల లోపల మరణాన్ని నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఆలస్యమైతే పని పెరుగుతుంది. ధ్రువపత్రం నాలుగైదు ప్రతులు తీసుకోవాలి.

రెండోది, ట్రెజరీకి లేదా పింఛను ఇచ్చే బ్యాంకుకు వెంటనే తెలియజేయడం. మరణవార్త చేరక ఆ తరువాతి నెలల పింఛను భర్త ఖాతాలో పడుతుంది. కొడుకు ఏటీఎం కార్డుతో తీసి ఇంటి ఖర్చుకు వాడతాడు. దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ అది తిరిగి కట్టవలసిన సొమ్ము. చివరికి దాన్ని తల్లి కుటుంబ పింఛనులోంచే పట్టుకుంటారు. ఆ ఖాతా జోలికి వెళ్లవద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాలి.

మూడోది దరఖాస్తు. పీపీఓలోనే భార్య పేరు, ఆమెకు రావలసిన మొత్తం రాసి ఉంటే పని తేలిక. కొత్తగా మంజూరు ఉత్తర్వు అక్కరలేదు. దరఖాస్తు, మరణ ధ్రువపత్రం, పీపీఓ పింఛనుదారు ప్రతి, ఆధార్, పాన్, ఫొటోలు, ఆమె పేరిట ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు నకలు ఇస్తే ట్రెజరీ మొదలుపెడుతుంది. పేరు లేకపోతే మాత్రం, ఆయన చివరగా పనిచేసిన ఆఫీసు ద్వారా పింఛను మంజూరు చేసే కార్యాలయానికి కాగితాలు వెళ్లాలి. అప్పుడు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా కావాలి.

నాలుగోది, పింఛనుదారు మరణిస్తే అంత్యక్రియల నిమిత్తం ప్రభుత్వం ఇచ్చే సహాయం గురించి అదే రోజున ట్రెజరీలో అడగాలి. అడగనివారికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఇద్దత్ కాలంలో ఎలా?

భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంటుంది. ఆ కాలంలో ఆమె ఆఫీసులకు తిరగదు గనుక కాగితాలన్నీ ఇద్దత్ అయ్యాక చూద్దామని ఇంటివాళ్లు పక్కన పెడతారు. ఆ నాలుగు నెలలూ ఇల్లు గడవడానికి అప్పు చేస్తారు. ఇది అక్కరలేని కష్టం.

పైన చెప్పిన పనుల్లో చాలావాటికి ఆమె గడప దాటవలసిన అవసరం లేదు. మరణ నమోదు, ట్రెజరీకి సమాచారం ఇవ్వడం, ధ్రువపత్రాలు తేవడం కొడుకో, తమ్ముడో, మన కార్యకర్తో చేయవచ్చు. దరఖాస్తు మీద సంతకం లేదా వేలిముద్ర ఇంట్లోనే తీసుకోవచ్చు. ఆమె స్వయంగా కనిపించవలసిన ఘట్టం వస్తే ఆ తేదీని ఇద్దత్ తరువాతకు అడగవచ్చు. అవసరానికి బయటకు వెళ్లడం గురించి సందేహం ఉంటే ఉలమాను అడిగి నడుచుకోవాలి. ఆలస్యమైనంత మాత్రాన హక్కు పోదు. కుటుంబ పింఛను లెక్క భర్త మరణించిన మరునాటి నుంచే మొదలవుతుంది.

మొదలైన పింఛను ఆగకుండా

ప్రతి ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే పింఛను నిలిచిపోతుంది. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ ద్వారా దీన్ని ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవారికి ముఖం చూపించి ధ్రువీకరించే పద్ధతి కూడా 2021 నుంచి ఉంది. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేసే సేవ కూడా ఉంది. మంచం పట్టిన తల్లిని ఆటోలో ఎక్కించుకుని తిప్పవలసిన పని లేదు.

వితంతువు మళ్లీ నికాహ్ చేసుకుంటే సాధారణంగా ఆమె కుటుంబ పింఛను ఆగి, అర్హత ఉన్న పిల్లలకు వెళుతుంది. పిల్లలు లేని వితంతువుకు, సొంత ఆదాయం నిర్ణీత పరిమితికి లోపు ఉంటే, కేంద్ర నియమాల్లో మినహాయింపు ఉంది. నికాహ్ సంగతి దాచకూడదు. దాస్తే తరువాత మొత్తం తిరిగి కట్టవలసి వస్తుంది. భార్య తరువాత, 25 ఏళ్ల లోపు సంపాదన లేని, పెళ్లి కాని పిల్లలకు వరుస క్రమంలో హక్కు వస్తుంది. తన కాళ్ల మీద తాను బతకలేని వికలాంగ సంతానానికి జీవితాంతం ఇస్తారు. అలాంటి బిడ్డ ఉంటే ఆ పేరు, వైద్య ధ్రువపత్రం తల్లిదండ్రులు ఉండగానే రికార్డులో చేర్చాలి. పెళ్లి కాని, వితంతువైన, తలాఖ్ అయిన కూతుళ్ల విషయంలో కేంద్రానికీ రాష్ట్రాలకూ నియమాలు వేరు. వారి సంగతి తప్పక అడిగి తెలుసుకోవాలి.

ఆదాయపు పన్నులో కుటుంబ పింఛనును జీతంగా చూడరు, ఇతర ఆదాయంగా చూస్తారు. అందులో మూడో వంతు గానీ, 15,000 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది మినహాయిస్తారు. కొత్త పన్ను విధానంలో 2024-25 నుంచి ఆ 15,000ను 25,000 చేశారు.

ఇంతవరకు చెప్పినది పాత పింఛను విధానానికి వర్తిస్తుంది. 2004 జనవరి 1 తరువాత కేంద్రంలో, అదే ఏడాది సెప్టెంబరు 1 తరువాత రాష్ట్రంలో చేరినవారు కొత్త పింఛను పథకం కింద ఉన్నారు. వారి నియమాలు వేరు. ఆర్టీసీలోను, ఫ్యాక్టరీల్లోను పనిచేసి పీఎఫ్ పింఛను పొందినవారి భార్యలకు 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద భర్త పింఛనులో సగం వస్తుంది. కనీసం 1,000 రూపాయలు. మొత్తం చిన్నదే, కానీ అదీ ఆమె హక్కే. అది పీఎఫ్ ఆఫీసులో అడగాలి.

దాతలకు మా మనవి

మీరిచ్చే జకాత్, సదఖా నిజంగా దిక్కులేని ఇంటికి చేరాలని మీరు కోరుకుంటారు. పింఛను హక్కు ఉన్న సోదరికి ఆ హక్కు అందేలా చేస్తే, ఆమె చేయి చాచవలసిన అవసరం తగ్గుతుంది. ఆమెకు కేటాయించిన సొమ్ము ఏ ఆధారమూ లేని మరో ఇంటికి వెళుతుంది. అందుకే రెండు సంగతులు కోరుతున్నాం.

ఒకటి, సహాయ దరఖాస్తులో "భర్త ఏం పని చేసేవారు, పింఛను వచ్చేదా" అన్న ప్రశ్న తప్పక ఉండాలి. అవునంటే, రేషన్ కిట్టుతో పాటు కాగితాల పని తెలిసిన ఒక మనిషిని కూడా ఆ ఇంటికి పంపాలి. మన దాతల్లో ట్రెజరీలో, బ్యాంకులో, ఆఫీసుల్లో పనిచేసి రిటైరైనవారు ఉన్నారు. నెలలో ఒక్క పూట ఇవ్వగలిగితే అది డబ్బు ఇచ్చినంత సహాయం.

రెండోది, మీలో పింఛను తీసుకుంటున్నవారు ఈ వారంలోనే మీ పీపీఓ బయటకు తీయండి. భార్య పేరు, పుట్టిన తేదీ, జంట ఫొటో సరిగా ఉన్నాయా చూడండి. ఆమె పేరిట బ్యాంకు ఖాతా లేకపోతే తెరిపించండి. కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి, అది ఎక్కడ ఉందో, ఏ ట్రెజరీకి వెళ్లాలో ఆమెకు చెప్పండి. చదువు రాకపోతే కూతురికో కోడలికో చూపించండి. "ఇప్పుడు ఆ మాటలెందుకు" అని ఆమె వారిస్తుంది. అయినా చెప్పండి. అల్లాహ్ మీకు ఆరోగ్యంతో కూడిన దీర్ఘాయుష్షు ప్రసాదించుగాక. కానీ మన తరువాత మన ఇంటివారు ఒకరి ముందు చేయి చాచకుండా చూడడం మనం ఉండగా చేయగలిగిన పని.